మూల బల్ల మీది పిల్లలు

హార్లన్ బెండ్, నెబ్రాస్కా
ఏప్రిల్ 1984

మరదలు పౌలీనాకి,

నీ ఉత్తరం అందింది. ఒంట్లో బాగానే ఉందని రాశావు గానీ చివరి వరసలు వంకరపోయాయి. చెయ్యి నొప్పా? బస్సులో కూర్చుని రాశావా? బస్సయితే సరే. చెయ్యి అయితే దాచకు.

ఇక్కడ గాలి ఆగడం లేదు. పొగగొట్టం ఊడి పక్కింటివాళ్ళ కారు మీద పడుతుందేమోనని కిటికీ దగ్గరే కూర్చుంటున్నాను. నువ్వు కూర్చుంటే అది ఆగుతుందా అని మీ అన్న ఉంటే అడిగేవాడు.

కాన్రాడ్ పోయాక రైలు నమూనాల క్లబ్బువాళ్ళు ఆయన బల్ల నాకే ఉంచారు కదా. పోయినసారి నువ్వు వాటిని ఆటబొమ్మలన్నావు. ఆటబొమ్మలు కావమ్మాయ్. ఒక్కొక్కరూ ఒక్కో బల్ల కడతారు. దాని మీద మట్టి, ఇళ్ళు, పొలం, పట్టాలు. ప్రదర్శన నాడు బల్లలన్నీ కలిపి బిగిస్తే రైలు అన్నింటి మీదుగా చుట్టి వస్తుంది. మనది మూల బల్ల. మూల లేకపోతే రైలు మలుపు తిరగలేదు, తిన్నగా పోయి నేల మీద పడుతుంది. మీ అన్న పట్టాలు వేసి పోయాడు. నేల నాకు వదిలేశాడు.

నవంబరు ప్రదర్శనకి ఈసారి చక్కెర దుంపల కాలం చూపిస్తారట. హాలు ఖర్చు చక్కెర ఫ్యాక్టరీవాళ్ళు పెట్టుకుంటున్నారు. క్లబ్బులో మెర్ల్ ఆ ఫ్యాక్టరీ కడుతున్నాడు, గొట్టంలోంచి నిజం పొగ వస్తుందంటాడు. నాకు భయం, ఆ పొగకి హాలు అంటుకుంటే? క్లబ్బు పెద్ద ఓర్విల్ స్టాడర్డ్ గారు, ఆ పళ్ళ డాక్టరు, స్టేషనూ ఊరూ కడుతున్నారు. నా బల్ల మీద దుంపల రేవు పెట్టాను. బండ్లు చెక్క వాలు మీదికెక్కి, కింద నిలబడిన రైలు పెట్టెలోకి దుంపలు దొర్లించేవి చూడు, అది. దాని పక్కన పొలం. పొలం చివర మీ పాక, మా పాక.

మనుషుల దగ్గరే కష్టమొచ్చింది. కొట్లో గోరంత మనుషుల్ని అమ్ముతారు, అందరూ రైలు కోసం ఎదురుచూసేవాళ్ళే. మోకాళ్ళ మీద కూర్చున్నవాళ్ళని ఎవరూ చేయరట. అందుకని పెట్టెలో కూర్చునే ప్రయాణికుల్ని కొని, కాళ్ళు కోసి, వేడి సూదితో వంచి మోకాళ్ళ మీదికి దించుతున్నాను. ఒక పెద్దమనిషి చేతిలోంచి సూట్‌కేసు కోసేసి దుంపల కత్తి పెట్టాను. ఆయన మొహం ఇంకా టికెట్ పోగొట్టుకున్నట్టే ఉంది.

మీ పాక కిటికీ తలుపు రంగేమిటి? నీలం అని నా గుర్తు. కాన్రాడ్ ఆకుపచ్చ అనేవాడు. వెంటనే రాయి. రంగు డబ్బా మూత తీస్తే ఎండిపోతుంది.

అమాలియా

*

లింకన్, నెబ్రాస్కా
మే

వదినా,

చెయ్యీ కాదు, బస్సూ కాదు. మనవడు ఒళ్ళోకెక్కాడు. నీ దుంప తెగ, నా అక్షరాల్లో కూడా జబ్బులు వెతుకుతావా?

ఆకుపచ్చ. అన్నయ్యే రైటు. అయితే అది తలుపు కాదు, ఆపిల్ పళ్ళ పెట్టె మూత. నాన్న మేకులు కొట్టి బిగించాడు.

అది సరే గానీ, పాకలెందుకు చెప్పు? పోయిన క్రిస్మస్‌కి కొట్లో చూశాను, ముద్దొచ్చే తెల్ల ఇల్లు, ఎర్ర కొట్టం, గాలిమర, అన్నీ ఒకే డబ్బాలో వస్తాయి. అది పెట్టు. కొట్టం ముందు రెండు కోళ్ళు వదులు. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూసే చోట మన చిల్లుల గోడలు ఎవరికి కావాలి? మా కోడలు వాళ్ళమ్మానాన్నలు కూడా వస్తారు ఆ ప్రదర్శనకి. వాళ్ళు నన్ను చిన్నప్పుడు ఏం చేసేదానివని అడిగితే పొలం ఉండేదని చెప్పాను. అబద్ధం కాదు కదా. పొలం ఉండేది. మాది కాదు, అంతే.

నువ్వు నూకల జావ తాగి కూర్చోకు. మాంసం తిను.

పౌలీనా

*

హార్లన్ బెండ్
జులై

మరదలికి,

సిగ్గుతో చచ్చిపోయే పని జరిగింది. నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఓర్విల్ గారికి తెలిసిపోయింది కాబట్టి ఊరందరికీ తెలిసే ఉంటుంది.

రేవు దగ్గర రాసి పోయడానికి గోరంత దుంపలు కావాలి కదా. అచ్చం దుంపలాగా గరుగ్గా, మట్టిరంగులో ఉండేది ఏమిటా అని వెతికితే, దుంప గింజే. గింజ చూడ్డానికి చిన్న దుంపలా ఉంటుందని మనకంటే ఎవరికి తెలుసు? పాత గింజలు ఒక సంచి దొరికాయి. రాసి పోసి, జిగురు నీళ్ళలో కలిపి పైన చిలకరించి, దుమ్ము పడకుండా తడిగుడ్డ కప్పాను. అంతలో రక్తపోటని నన్ను ఆస్పత్రిలో ఉంచారు. కంగారుపడకు, మాత్ర మార్చారంతే. మాత్ర మార్చడం మంచిదో కాదో నాకే తెలియదు.

ఇంటికొచ్చి గుడ్డ తీస్తే రాసి మొత్తం మొలకెత్తింది! రైలు పెట్టెలో దుంపలకీ పచ్చగా జుట్టొచ్చింది.

అదే సమయానికి ఓర్విల్ గారు వచ్చారు, పళ్ళు గీకే పాత పనిముట్లు నాకిద్దామని. సన్న పనికి అవి బాగుంటాయి. రాసి చూసి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు.

“అమాలియా గారూ, క్లబ్బులో ఇంత పంట ఎవరికీ పండలేదండీ!”

ఆయన నవ్వుతూనే ఉన్నారు. నేను పట్టకారు తీసుకుని కూర్చున్నాను. ఒక్కో గింజకి గుత్తుగా మొలకలొచ్చాయి. అన్నీ పీకి పారెయ్యాలనే కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే, ఒక్కొక్క గుత్తిలో బలమైన మొలక ఒకటి వదిలి మిగతావి తీస్తున్నాను. ఎవరు చెప్పారు నా చేతులకి? మూడు వరసలు అయ్యాక గుర్తొచ్చింది, ఇది దుంపల రాసి, మొక్కల వరస కాదని. మిగిలిన గింజల్ని పొయ్యిలో వేయించి మళ్ళీ పోశాను. ఇల్లంతా మాడు వాసన.

తర్వాత ఆయన బల్ల ఇటువైపు చూశారు. జూన్‌లో మోకాళ్ళ మీద పాకుతూ మొక్కలు పలుచన చేస్తాం కదా, ఆ వరసలు. నువ్వు, నేను, కాన్రాడ్, మీ చెల్లి, మా తమ్ముళ్ళు. వెనకాల నిలబడ్డవాడు ఒక్కడే, టోపీ పెట్టుకున్న ఫ్యాక్టరీ మేస్త్రీ.

ఓర్విల్ గారి నవ్వు ఆగిపోయింది.

“పిల్లలా ఇంతమంది?”

“పిల్లలే కదండీ చేసేది.”

“అమాలియా గారూ, ఇది రైళ్ళ ప్రదర్శన. జనం సరదాగా వస్తారు. హాలు ఖర్చు ఫ్యాక్టరీవాళ్ళది. వాళ్ళ తలుపు మీదే మనం ఉమ్మడమా?”

జేబులోంచి ఒక పొట్లం తీసి ఇచ్చారు. బంతి ఆడే పిల్లలు, ఒక కుక్క. వీళ్ళని పెట్టండి, ఎంత ముద్దుగా ఉన్నారో చూడండి అన్నారు. నేను చూస్తానండీ అన్నాను. నా నోటికి ఎప్పుడూ అదే వస్తుంది. ఆయన కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను.

తర్వాత కోపమొచ్చింది. నాకు కోపం ఆలస్యంగా వస్తుంది, రొట్టె పొంగినట్టు. ఆ కుక్క ఎవరి కుక్క, పౌలీనా? మనకి కుక్కుందా? మనం బంతి చూశామా? దుంపలన్నీ రేవుకి చేరేదాకా బడి మొహం చూశామా? నవంబరులో వెళ్తే మన బెంచీలో ఇంకొకళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. నేను ఇంత కష్టపడి ఈ ఉత్తరం కూడబలుక్కుని రాస్తున్నానంటే ఎందుకు?

నేను పిల్లల్ని తీయను. గుండె దడదడమంటోంది, మాత్ర వేసుకున్నాను, అయినా తీయను.

అమాలియా

*

లింకన్
ఆగస్టు

వదినా,

ఈసారి నవ్వులాటకి రాయడం లేదు.

నీకు ఫ్యాక్టరీ మీద కోపం. ఉండనీ, నాకూ ఉంది. కానీ నీ బల్ల ముందు నిలబడేవాళ్ళకి ఫ్యాక్టరీ కనబడదు. పిల్లలు కనబడతారు. పిల్లలు కనబడగానే అడిగే మొదటి మాటేమిటో చెప్పనా? వీళ్ళ నాన్న ఎలాంటివాడు, ఈ పసివాళ్ళని మట్టిలో పాకించాడు, అని. మేస్త్రీని కాదు, మా నాన్నని అంటారు. నేను ఇంతకాలం వింటూనే ఉన్నాను కదా. మా అత్తగారు ఒకసారి అననే అన్నారు, రష్యా నుంచి వచ్చిన మీ జర్మన్‌లు పిల్లల్ని గుర్రాల్లా వాడారటగా అని. పళ్ళెం కింద పెట్టి బయటికి వచ్చేశాను.

చేతులు పగిలితే మా నాన్న బాతు కొవ్వు రాసేవాడు. నేను వరసలో నిద్రపోతే భుజాన వేసుకుని ఒక చేత్తో పని చేసేవాడు. అది నీ గోరంత బొమ్మల్లో ఎక్కడుంది? ఉండదు. అవి బొమ్మలు. వాటికి మొహాలే లేవు.

నాన్నని బజారుకెక్కించకు. తెల్ల ఇల్లు పెట్టు. బంతి పిల్లల్ని పెట్టు. నా కోసం.

పౌలీనా

*

హార్లన్ బెండ్
సెప్టెంబరు

పౌలీనా,

నీ ఉత్తరం చదివాక నిద్ర లేదు. నువ్వన్నది నిజమేమోనని వారం పాటు తిరిగాను. బొమ్మల్ని ఒకసారి పీకేశాను కూడా. మళ్ళీ అతికించాను. ఎందుకో రాస్తాను, కానీ దాని కంటే ముందు ఇంకొకటి.

నిన్న క్లబ్బు సమావేశం. ఓర్విల్ గారు లేచి మర్యాదగానే మొదలుపెట్టారు.

“దుంపలు రైలెక్కేది అక్టోబరులో. పిల్లలు మోకాళ్ళ మీద పాకేది జూన్‌లో. ఒకే బల్ల మీద రెండు కాలాలా? మనం ఒక రోజు ఎంచుకుని ఆ రోజే చూపించాలి కదా.”

అది నిజం, పౌలీనా. ఆ తప్పు నేను చూసుకోలేదు. నాకు తోచింది అనేశాను.

“మాది మూల కదండీ. ఇటు అంచు జూన్, అటు అంచు అక్టోబరు. రైలు మలుపు తిరిగేసరికి వేసవి గడిచిపోతుంది. మాకూ అలాగే గడిచేది, తల ఎత్తితే కదా తెలియడానికి!”

మెర్ల్ బల్ల మీద చరిచాడు. ఓర్విల్ గారు ఎర్రబడ్డారు. అప్పుడన్నారు, “మీ ఆడపడుచు గారికి కూడా ఇది ఇష్టం లేదు. నాకు స్వయంగా ఉత్తరం రాశారు” అని.

అందరూ నా వైపు చూశారు. నాకు తెలుసన్నట్టు తల ఊపాను. ఏం చేయను మరి?

నాకు చెప్పకుండా రాశావు. నా వెనకాల. నాన్నని బజారుకెక్కించకు అని నాకు రాసిన చేత్తోనే ఆయనకి మన ఇంటి మాట రాశావు.

ఒంట్లోంచి భయం ఎటు పోయిందో తెలియదు. లేచి నిలబడ్డాను. “డాక్టరు గారూ, మీ బల్ల మీద సారాకొట్టు వెనకాల ఒక తాగుబోతు బోర్లా పడున్నాడు. చర్చివాళ్ళు తీసెయ్యమంటే మీరేమన్నారు? పట్టాలు క్లబ్బువి, నేల కట్టినవాళ్ళది అన్నారు. కాయితం మీద రాయించి గోడకి తగిలించారు కూడా. మీ తాగుబోతు పడుకోవచ్చు, మా పిల్లలు పని చేయకూడదా?”

“ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది డాక్టరూ?” అన్నాడు మెర్ల్. “పోనీ మూల తీసేద్దాం, రైలుని మీ ఇంటికి పంపిద్దామా?”

నవ్వులు. బల్ల ఉంటుందని తేలింది.

ఇప్పుడు మావయ్య సంగతి. పోయినసారి రాయలేదు, ముందు వరసలో ఉన్నది ఆయనే. అందరికంటే ముందు, మోకాళ్ళ మీద. ఎంతమంది పిల్లలుంటే ఫ్యాక్టరీ అంత పొలం పని ఇచ్చేది, లేకపోతే చలికాలం తిండి లేదు. అది ఆయన పెట్టిన లెక్క కాదు. పిల్లల మోకాళ్ళకి చూడు, గోధుమరంగు గుడ్డ ముక్కలు కట్టాను. సూదిమొనతో కట్టాను, కళ్ళు నీళ్ళు కారాయి. అదేమిటో నీకు గుర్తుందా? మావయ్య కోటు. మీ ఇంటి పిల్లలకే కాదు, పక్క పాకలో మాకూ కోసి కట్టాడు. మాకు నాన్న లేడు కదా. నేను ఆయన్ని బజారుకెక్కించడం లేదమ్మాయ్. నాకు తెలిసిన విధంగా కూర్చోబెట్టాను.

నువ్వు రాయకపోతే రాయకు. నేను మాత్రం తీయను.

అమాలియా

*

లింకన్
అక్టోబరు

వదినా,

ముందు రాసింది ఆ డాక్టరే. మీ మాట వింటుందని రాశాడు. వింటావనుకున్నాను. నీకు చెప్పాల్సింది, చెప్పలేదు.

కోటు గుర్తుంది. ఆ చలికాలమంతా నాన్న సంచీలు కప్పుకుని తిరిగాడు. చర్చికి రావడం మానేశాడు. ఎందుకు రావడం లేదని పాస్టరు అడిగితే దేవుడితో మాట పట్టింపు అని జోకేశాడు. అమ్మ ఏడ్చింది. ఆ సంగతి నాకు, అన్నయ్యకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

ప్రదర్శనకి రాను. నడుం నొప్పి. నిజంగానే నొప్పి, దానికి మందులు రాయకు.

పౌలీనా

*

హార్లన్ బెండ్
నవంబరు

పౌలీనాకి,

నడుముకి ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టుకో. ఇది మందు కాదు, ఉప్పు.

ప్రదర్శన అయిపోయింది. జైల్లో లేను. అక్కడి నుంచి మొదలుపెడతాను.

పొద్దున్నే హాలుకి వెళ్ళేసరికి బల్లలన్నీ బిగించేశారు. రైలు తిరుగుతోంది, మెర్ల్ ఫ్యాక్టరీ పొగ చిమ్ముతోంది, బకెట్ నీళ్ళు పక్కన పెట్టించాను. నా మూలకి వెళ్ళి చూస్తే పిల్లలు లేరు. పొలమే లేదు. అంచు పొడుగునా చెట్లు! తీగెతో చేసిన మంచి చెట్లు, గుబురుగా, ఆకులు ఒక్కొక్కటీ అతికించినవి. పొలం ముందు గోడలా నాటేశారు. వంగి, ఆకుల మధ్య కన్ను పెడితే లోపల మావయ్య వీపు కనిపించింది.

ఓర్విల్ గారు కాఫీ తాగుతూ నిలబడ్డారు.

“మీ పిల్లల్ని ఎవరూ ముట్టుకోలేదు, అమాలియా గారూ. కాస్త నీడ ఇచ్చామంతే.”

“ఆ పొలంలో నీడ ఉంటే మేమంతా ఇంకా అక్కడే ఉండేవాళ్ళం కదండీ” అన్నాను.

“ఇవి చేయడానికి నాకు నెల పట్టింది.”

“అయ్యో, చాలా బాగున్నాయండీ. పాడవకుండా పంపిస్తాను.”

జనం లోపలికి వస్తున్నారు. టై కట్టుకున్న ఫ్యాక్టరీ ఆయన కూడా. నాకు ఒకటే భయం, చెయ్యి జారి పట్టాల మీద చెట్టు పడిందంటే రైలు బోల్తా పడుతుంది. మెర్ల్ వైపు చూశాను. వాడు రైలుని తెచ్చి సరిగ్గా నా రేవు కింద ఆపాడు. నేను మొదటి చెట్టు పీకాను. వేరుకి మేకు ఉంది, జిగురు లేదు, సులభంగానే వచ్చింది. దాన్ని రైల్లో ఖాళీ దుంపల పెట్టెలో పడుకోబెట్టాను. రెండోది. మూడోది. జనం చుట్టూ మూగారు. ఎవరో పాప అడిగింది, “అమ్మమ్మా, చెట్లెందుకు కొడుతున్నారు?”

“వెనకాల మనుషులున్నారమ్మా.”

పెట్టెలన్నీ నిండాక మెర్ల్ కూత వేయించాడు. చెట్ల రైలు మలుపు తిరిగి, ఫ్యాక్టరీ దాటి, ఓర్విల్ గారి స్టేషన్లో సారాకొట్టు ముందు ఆగింది. హాలంతా పడీ పడీ నవ్వారు. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి వెళ్ళి ఒక్కో చెట్టూ దించుకున్నారు. నాకు జాలేసింది, ఒక్క నిమిషం.

తర్వాత నవ్వు ఆగింది, పౌలీనా. ఎందుకంటే పొలం కనబడింది.

ఆ పాప గడ్డం బల్లకి ఆనించి అడిగింది, వాళ్ళ మోకాళ్ళకి ఏమిటి అని. ముందున్న ఆయన కోటమ్మా, అన్నాను. ఆయన తన కోటు కోసి అందరికీ కట్టాడు. మరి ఆయనకి చలెయ్యదా అంది. ఆయన ఎలాంటివాడని ఎవరూ అడగలేదు. సొకోరో అనే ముసలావిడ, మెక్సికో మనిషి, వాళ్ళూ దుంపల పనివాళ్ళేనట, వేలు చాపి మా పాక ఇంకా ఇటుండేది అని చెప్పింది. వచ్చే ఏడు కట్టమంది.

టై కట్టుకున్నాయన చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఏం రాస్తాడో, ఎవరికి రాస్తాడో. ఫిబ్రవరిలో బల్లలన్నీ లింకన్ తీసుకువెళ్ళాలట, పెద్ద ప్రదర్శన. నన్ను రానిస్తారో లేదో. చెట్లు ఈసారి జిగురు పెట్టి నాటుతారేమో. నువ్వున్న ఊరే కాబట్టి చెప్తున్నాను, రమ్మని కాదు.

అమాలియా

*

లింకన్
డిసెంబరు

వదినా,

ఉప్పు పనిచేసింది. ఒప్పుకున్నాను, ఇక ఊరంతా చెప్పుకో.

నీ డాక్టరు గారు నాకు మళ్ళీ రాశారు. లింకన్‌లో పెద్దవాళ్ళు వస్తారు, మీ వదినకి నచ్చజెప్పండి, ఆ ముందు వరసైనా తీయించండి అని. ఈసారి ముందుగా నీకే చెప్తున్నాను. నేనిచ్చిన జవాబు కింద రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చలేదు.

“డాక్టరు గారికి, మా వదిన చాలా భయస్తురాలు. పొగగొట్టానికి భయపడుతుంది, మాత్రకి భయపడుతుంది. కాబట్టి ఆమెని బెదిరించి లాభం లేదు, ఆమెకి అలవాటే. ముందు వరసలో ఉన్నది మా నాన్న. పక్కన నిద్ర తూగుతున్న చిన్నది నేను. మమ్మల్ని తీయాలంటే ఆమెని కాదు, నన్ను అడగండి. ఫిబ్రవరిలో ఆ బల్ల పక్కనే ఉంటాను. మా వియ్యంకుడు, వియ్యపురాలు కూడా వస్తున్నారు, నేనే రమ్మన్నాను.”

నువ్వు దిగులుపడి ముందు రోజే వచ్చేస్తావని తెలుసు. రా. పక్క సర్దుతాను. ఎవరైనా నాన్న గురించి అడిగితే నేను చెప్తాను, నువ్వు మాట్లాడకు, నీకు మధ్యలో ఏడుపొస్తుంది.

మెర్ల్‌కి చెప్పి నాకో కుర్చీ వేయించు. ఎత్తుగా ఉండేది. నా మోకాళ్ళు ఇప్పుడు ఎవరి కోసమూ వంగవు.

పౌలీనా